విద్యావంతుని ఋణము

అమీరుపేట, పంజగుట్ట వీధులలో నేఁడు వసతిగృహములును, కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములును నిండియున్నవి. అచ్చట నభ్యసించువారిలో రైతుబిడ్డ లనేకులు. అప్పు చేసియో, పొలము తాకట్టుపెట్టియో చదివించు తండ్రులును గలరు. ఆ విద్య ఫలించినపిదప కుమారుఁడు మరల నాగలి పట్టవలెనని మేము కోరము. అయినను విద్యకుఁ దోడ్పడు నాయకుఁడు రైతునకు మేలు చేయుచున్నాఁడా, లేక వాని యండను వానికి దూరము చేయుచున్నాఁడా యనునది విచారింపఁదగిన ప్రశ్న.

ఈ నగరపు పెద్దలు దీనికిఁ దమ నడవడిచేతనే సమాధాన మిచ్చిరి. రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి వసతిగృహమును స్థాపింపఁగా పల్లెల బాలురకు నగరమున నిలువ నీడ దొరకెను. మాడపాటి హనుమంతరావుగారు 1928లో బాలికాపాఠశాలను నెలకొల్పిరి. ఆ మాడపాటివారే 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమునకుఁ బ్రాణమై, వెట్టిచాకిరిని గూర్చి తెలుఁగున చిన్నపుస్తకములు వెలువరింపఁజేసిరి. వెట్టిని కట్టడి చేయు ప్రభుత్వాజ్ఞ లంతకుముందే కలవు. కాని పల్లెవాని కవి తెలియవు. తెలిసిన యధికారి చెప్పఁడు. కావున న్యాయవాది తన చదువును వాని గుమ్మమునకుఁ గొనిపోయెను. ఆయన రైతునకుఁ గ్రొత్తగా దానమిచ్చిన దేమియు లేదు. వానికిఁ జెందవలసినదానినే వాని కెఱిఁగించెను.

పిదప చట్టములు పెక్కు వచ్చినవి. 1950 నాఁటి హైదరాబాదు కౌలుదారీ చట్టము దున్నువానికి రక్షణ నొసఁగెను. 2011లో కౌలురైతులకు ఋణార్హత కార్డు లిచ్చు చట్టము పుట్టెను. అయినను 2018లో రైతుబంధు పథకము పట్టాదారునకు ఎకరమున కింతయని ధనము పంచినపుడు, కౌలుకు దున్నువానికి అది యందలేదు. పుస్తకమున పేరు లేనివానికి ప్రభుత్వదయయు లేదు.

ఆ పుస్తక మిప్పుడు కంప్యూటరులోనికిఁ జేరినది. 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చినవి. అం దొక సర్వే నెంబరు తప్పుపడినచో నక్షరజ్ఞానము లేని రైతు దళారి నాశ్రయింపవలసినదే. ఆ యంత్రము మర్మ మెఱిఁగిన వాఁడో, అమీరుపేటలో చదివిన వాని పొరుగింటి బిడ్డయే!

తల్లిదండ్రులకు నెలనెలకు ధనము పంపుట చాలదా యని కొంద ఱడుగుదురు. అది తల్లిదండ్రుల ఋణమును దీర్చును గాని, గ్రామఋణమును దీర్పదు. వీని చదువుకొఱకు కూలికి వచ్చినవారును, అప్పునకు హామీయున్నవారును గ్రామముననే యున్నారు.

కావున మాన్యులారా, వసతిగృహములు కట్టించు దాతలకు మా మనవి యొక్కటి. అందుండు విద్యార్థులు సెలవులలో స్వగ్రామమున కేఁగి, పది యిండ్ల పాసుపుస్తకములు చదివి, తప్పులున్నచో నర్జీ వ్రాసి యిచ్చునట్లు నియమము చేయుఁడు. వారికి చట్టము బోధించుటకు మాబోటి న్యాయవాదులు సిద్ధముగా నుండవలెను.