దించకముందే ధర

నర్సీపట్నం అబీద్ సెంటర్‌కు కూతవేటు దూరంలో ఒక టిఫిను హోటలు ఉండేది. గోడకు నల్లబల్ల, దాని మీద సుద్దముక్కతో రాసిన ధరలు: ఇడ్లీ 30, టీ 10. చింతపల్లి వైపు నుంచి బస్సు దిగే ఒక ముసలమ్మ వారానికోసారి అడ్డాకుల విస్తళ్ల మోపు తెచ్చి అక్కడే వేసేది. మోపు ఇంకా నెత్తిమీద ఉండగానే యజమాని అనేవాడు: “ముందు రేటు చెప్పమ్మా, తరవాత దించుదువుగాని.” ఆమె చెప్పేది. దించాక కట్ట విప్పి, చిరిగినవి పక్కన పెట్టి, మంచివాటికి డబ్బు లెక్కగా ఇచ్చేవాడు.

ఆ ఏడు గ్యాసు పెరిగింది, మినపప్పు పెరిగింది, కూలి పెరిగింది. బల్ల మీద అంకె మారిస్తే జనం ఎదురు హోటలుకు పోతారని యజమాని భయం. విశాఖలో కొన్నాళ్లు పనిచేసి వచ్చిన కొడుకు బిల్లు మిషను కొన్నాడు. “రేట్లు అలాగే ఉండనీ నాన్నా. మిగతాది బిల్లు కింద వేద్దాం. తిన్నాక ఎవరు కాదంటారు?” అన్నాడు.

ముసలమ్మకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. ఆ వారం బల్ల చూసి, కొంగు మొదటి ముడిలోని నలభై రూపాయలు తడిమి చూసుకుని కూర్చుంది. రెండో ముడి ఉప్పుకీ, ఎండుచేపలకీ. తిన్నాక చీటీ వచ్చింది. 47.

“ఇదేటి బాబూ?” అని బల్లలు తుడిచే కుర్రాణ్ని అడిగింది.

“ఆకు ఛార్జీ మూడు, సర్వీసు ఛార్జీ నాలుగు అంట మామ్మా.”

“సర్వీసంటే నువ్వు తెచ్చి పెట్టినందుకేనా? ఆ నాలుగూ నీకిత్తాడా?”

కుర్రాడు తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాడు.

ఆమె రెండో ముడి విప్పింది. ఏడు రూపాయలు గల్లాపెట్టె మీద ఒక్కొక్కటే పెట్టి, యజమాని వైపు చూసింది. “నా మోపు దించకముందే ధర అడుగుతావు కదా బాబూ. నేనూ కూకోకముందే ధర చూసుకున్నాను. తిన్న ఇడ్లీ మళ్లీ నెత్తికెత్తుకుని ఎల్లిపోలేను కదా.”

యజమాని ఆ రాత్రి బల్ల తుడిచేశాడు. ఇడ్లీ 35, టీ 12 అని రాశాడు. మొత్తం అదే 47. కొందరు చూసి ఎదురు హోటలుకు పోయారు, వాళ్లలో అందరూ తిరిగి రాలేదు. మరుసటి వారం ముసలమ్మ వచ్చింది. బల్ల చూసి, వేళ్ల మీద లెక్కపెట్టుకుని, “ఇడ్లీ ఒక్కటే ఇయ్యి బాబూ, టీ వద్దు” అంది. వెళ్లేటప్పుడు రెండో ముడి బిగించే ఉంది.

నీతి

యజమాని దొంగ కాడు. ఖర్చు పెరిగితే ధర పెరగాల్సిందే, లేకపోతే ఆ పొయ్యి ఆరిపోతుంది. 47 రూపాయలు ఎక్కువని కూడా నేననను. టీ మానుకునే వీలు ఆమెకు మొదటి వారం లేకపోయింది, రెండో వారం దొరికింది. నా బాధంతా ఆ వీలు గురించే. డబ్బున్నవాడికి ఆ ఏడు రూపాయలు చిరాకు, ఆమెకు మాత్రం ఇంటికి పట్టుకెళ్లే ఎండుచేప.

ఈ మాట చట్టానికీ ఎక్కింది. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది: హోటళ్లు సర్వీసు ఛార్జీని తమంతట తాము బిల్లులో కలపకూడదు, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు, ఇవ్వనన్నవాణ్ని లోపలికి రానివ్వకపోవడం కుదరదు. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కాయి. అదే నెలలో ఢిల్లీ హైకోర్టు స్టే ఇచ్చింది. చివరకు 2025 మార్చి 28న ఆ సంఘాల పిటిషన్లు కొట్టేసి, ఒక్కొక్కదానికి లక్ష రూపాయల ఖర్చులు విధించింది. వడ్డించినవాడికి మనసారా ఏదైనా ఇవ్వాలనుకుంటే అది తిన్నవాడి ఇష్టం. అది ఆ కుర్రాడి చేతిలోనే పెట్టాలి.

జీఎస్టీ సంగతి వేరు. అది ప్రభుత్వానికి పోయే పన్ను, మామూలు హోటలు బిల్లు మీద 5 శాతం. కానీ ఏడాదికి కోటిన్నర లోపు వ్యాపారం చేస్తూ కాంపోజిషన్ పథకంలో ఉన్న హోటలు ఆ పన్నును తన రాబడిలోంచే కట్టుకోవాలి, మన దగ్గర విడిగా వసూలు చేయకూడదు. చిన్న ఊళ్లలో చాలామందికి ఈ తేడా తెలియదు. బిల్లు తేడాగా ఉంటే ముందు గల్లా దగ్గర మర్యాదగా అడగండి. తీసేయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి మంచు చూడ్డానికి పోయే కార్లు తెల్లవారకముందే నర్సీపట్నం దాటుతాయి. చలికి వణుకుతూ దిగినవాళ్లు ధర అడగకుండానే కూర్చుంటారు. హోటలు నడిపే అన్నలారా, సీజనుకు రేటు పెంచుకోవాలంటే పెంచుకోండి. కాకపోతే ఆకు, పార్సిలు, ఏసీ, పన్ను అన్నీ కలిపిన ఒక్క అంకెను సీజను మొదలవకముందే గుమ్మం బయట రాసి పెట్టండి. మోపు నెత్తిన పెట్టుకుని వచ్చే ముసలమ్మకు రోడ్డు మీంచే కనిపించేంత పెద్దగా రాయండి.