డ్రైవరు ఆరోగ్యం, మన మనస్సాక్షి



కురవి నుండి మానుకోటకు పోవడానికి మనలో ఎంతమంది బస్సు కోసం ఆగుతాం? చేయెత్తితే ఆగే ఆటో అయినా జీపు అయినా ముందు ఏది వస్తే దానిలో ఎక్కుతాం. శివరాత్రికి వీరభద్రస్వామి జాతర రోజులలోనైతే వెనుక కడ్డీ పట్టుకొని వ్రేలాడుతూ కూడా పోతారు జనం. కిరాయి బేరం చేస్తాం, టైర్లు అరిగాయని గొణుగుతాం. కాని నడిపేవాని కండ్లు ఎలా ఉన్నాయి, తల తిరిగే జబ్బు ఏమైనా ఉందా అని అడిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు. ఎవరో పరీక్షించే ఉంటారని మన నమ్మకం.

ఆ ఎవరో ఎవరు?

కొన్నేళ్ళ క్రితం ఒక జీపు డ్రైవరు నా వద్దకు వచ్చాడు. (పాపసంకీర్తనానికి కాదు, గుడి ముందు వేపచెట్టు క్రింద మామూలుగా మాట్లాడుకున్నాం. అతడు సరేనన్నాకే ఇది వ్రాస్తున్నాను.) ఇద్దరు పిల్లలు. బండిమీద ఫైనాన్సు అప్పు. ఆరు నెలలలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, రెండూ ఇంటివద్దే. మొదటిసారి ఇరుగుపొరుగువారు అలవాటు చొప్పున అతని చేతిలో తాళాలగుత్తి పెట్టారట. అది ఆ జీపు తాళాలగుత్తే! తాళాలవల్ల ఫిట్స్ ఆగవు. మనిషిని ప్రక్కకు ఒత్తిగిల్లజేసి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. ఈ ఒక్క మాటైనా ఇంట్లో అందరికీ చెప్పండి.

లైసెన్సు రెన్యువలుకు డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. "ఫాదర్, మీరొక్క ముక్క రాసిస్తే డాక్టరు సారు సంతకం పెడ్తడు. లేకుంటే బండి గుంజుకపోతరు" అన్నాడు.

నేను వ్రాయలేదు. అందుకు నన్ను నేను కొంత మెచ్చుకున్నాను కూడా. అతడు మరోచోట, మనిషిని చూడకుండానే సంతకం పెట్టే డాక్టరును పట్టుకొని పని కానిచ్చుకున్నాడు. ఆ తర్వాత నేను చేసిన పని ఏమిటంటే, ఆ జీపు ఎక్కడం మానేశాను. బస్సు కోసం ఎండలో నిలబడేవాణ్ణి. నా కళ్ళముందే బడిపిల్లలు, చంకన బిడ్డలతో తల్లులు అదే జీపు ఎక్కి పోతుంటే చూస్తూ ఊరుకున్నాను.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, జనానికి ప్రమాదం తెచ్చే జబ్బు ఉన్నవానికి లైసెన్సు నిరాకరించవచ్చు. ఇచ్చిన తర్వాత తెలిసినా రద్దు చేయవచ్చు. ఫారం 1లో దరఖాస్తుదారుడే తనకు మూర్ఛగాని, హఠాత్తుగా స్పృహ తప్పడంగాని ఉందో లేదో చెప్పాలి. ఫారం 1ఎలో డాక్టరు తాను స్వయంగా పరీక్షించానని సంతకం చేయాలి. కిరాయి బండ్ల లైసెన్సుకు ఈ రెండవది తప్పనిసరి. అయితే 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 7500 కిలోలు మించని కిరాయి బండి నడపడానికి మామూలు లైట్ వెహికిల్ లైసెన్సే చాలునని తీర్పు చెప్పింది. నలభై దాటనివాడు ఆ లైసెన్సుకు డాక్టరు వద్దకు పోనక్కరలేదు, తన మాట తాను వ్రాసిస్తే చాలు. డ్రైవర్లకు ఇది మేలే చేసింది. కాని మన ప్రాణాలు మునుపటికంటే ఎక్కువగా ఆ ఒక్క మాటమీద ఆధారపడ్డాయి.

అబద్ధం గనుక ఇది ఎనిమిదవ ఆజ్ఞ సంగతి అనుకుంటాం. నాకైతే అయిదవ ఆజ్ఞ సంగతిగానే కనబడుతుంది. 2014 డిసెంబరు 22న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో చెత్తలారీ డ్రైవరు స్పృహ తప్పగా లారీ జనంమీదికి పోయి ఆరుగురు మరణించారు. 2010లో ఆగి ఉన్న బస్సులో, డ్రైవరు సీటులోనే ఒకసారి స్పృహ తప్పిన సంగతి అతడు దాచాడని దర్యాప్తులో తేలింది. అతనికి ఎవరినీ చంపాలని లేదు. ఉద్యోగం నిలుపుకోవాలని మాత్రమే ఉంది.

దయగల డాక్టరు సంతకం పెడితే తప్పేమిటి, చట్టం మనిషికోసం కాదా అని అడిగేవారున్నారు. సెమినరీలో అరిస్టాటిల్ చదివిన రోజుల నుండి నాకు గుర్తున్న ఉపమానం ఒకటుంది. లెస్బోస్ ద్వీపపు తాపీవారు సీసపు కొలబద్ద వాడేవారట. అది రాతి వంకరను బట్టి వంగుతుంది. చట్టంకూడా ఒక్కొక్కప్పుడు అలా వంగాలని ఆయన భావం. నిజమే. కాని సీసపు బద్ద వంగేది రాయి ఎంత వంకరో సరిగా కొలవడానికి. దొంగ సర్టిఫికెట్టు వంకర రాయిని తిన్ననిదని వ్రాస్తుంది. అది దయ ఎట్లా అవుతుంది?

వంగవలసింది మన ఫారమే. దానిలో ఉన్నది ఉందా, లేదా అన్న ప్రశ్న ఒక్కటే. మందులతో ఏళ్ళ తరబడి ఫిట్స్ రానివానికీ నిన్న వచ్చినవానికీ అక్కడ తేడా లేదు. బ్రిటనులో కారు నడపడానికి సాధారణంగా ఒక సంవత్సరం ఫిట్స్ లేకుండా గడవాలి. లారీకి, బస్సుకు అయితే మందులు లేకుండా పదేళ్ళు. కఠినమే గాని, నిజం చెప్పినవానికి ఎన్నాళ్ళు ఆగాలో తెలుస్తుంది. మన దగ్గర నిజం చెప్పినవానికి తలుపు మూసుకుంటుంది, అంతే.

ఆ తలుపు ఖరీదు ఎవరు కట్టాలి? మన ఆర్టీసీ డ్రైవరొకరికి రంగుల తేడా తెలియదని వైద్యపరీక్షలో తేలి, 2016లో ఉద్యోగం నుండి పంపివేశారు. అతనికి వేరే పని ఇవ్వాలని, పోయిన జీతంలో 25 శాతం కట్టాలని 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆదేశించింది. అటువంటి డ్రైవర్లకు మరో పని చూపించాలని 1979లోనే కార్మికులతో ఒప్పందం ఉందని కోర్టు గుర్తుచేసింది. అది న్యాయం. మరి జీపు డ్రైవరుకు ఏ ఒప్పందముంది? అతడు నిజం చెబితే లాభం బండెక్కే మనకందరికీ, నష్టం అతనొక్కనికే. ఖర్చంతా ఒక్కని నెత్తిన వేసి, వాడు అబద్ధమాడాడని మనం ఆశ్చర్యపోతాం. మన విచారణలో పెళ్ళిళ్ళకు, పండుగ పందిళ్ళకు చందాలు లేస్తాయి. బండి ఆపిన డ్రైవరు రెండు నెలల అప్పు కిస్తు కోసం ఒక్కసారికూడా లేవలేదు. లేపనివాడిని నేనే.

ఆ జీపుకు ప్రమాదమేమీ జరగలేదు. మూడవసారి ఫిట్స్ వచ్చాక అతని భార్యే తాళాలు దాచిపెట్టింది. ఫైనాన్సువారు బండి తీసుకుపోయారు. ఇప్పుడు మందులు క్రమంగా వేసుకుంటూ చిన్న టీకొట్టు నడుపుతున్నాడు. మొన్న అక్కడ కూర్చున్నప్పుడు, "గా రోజులల్ల మీరు నా బండి ఎందుకు ఎక్కకపోతిరి ఫాదర్?" అన్నాడు. ఉన్నది ఉన్నట్లు చెప్పాను. కొంతసేపు గ్లాసులు కడుగుతూ ఉండిపోయాడు.

"గదేదో గప్పుడే మా ఇంటామెకన్న చెప్పకపోతిరి" అన్నాడు.