కావడి, బాణం

2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, పదిహేనేళ్ల బాలిక ఒకతె గాయపడిన తండ్రిని సైకిలు వెనుక కూర్చోబెట్టుకొని గురుగ్రామ్ నుంచి బీహారులోని దర్భంగా జిల్లాకు బయలుదేరింది. దూరం సుమారు 1200 కిలోమీటర్లు. తండ్రి రిక్షా నడిపేవాడు, పని లేదు. మామూలు రైళ్లు మార్చిలోనే ఆగిపోయాయి.

దేశమంతా మెచ్చుకున్నది. సైక్లింగు సమాఖ్య పరీక్షకు రమ్మన్నది. నేనూ తరగతిలో ఆమెను శ్రవణకుమారుడితో పోల్చాను. ఒక విద్యార్థిని లేచి, "రైలు ఉంటే ఆమెకు ఈ గొప్పతనం అవసరం లేకపోయేది గదా, మాస్టారూ?" అన్నది. నావద్ద జవాబు లేదు.

ఆమె ప్రేమా, ధైర్యమూ నిజమైనవే. కాని మరో దారి ఉండి కూడా కష్టమైన దారి పట్టినవారిదే త్యాగం. ఉన్న దారులన్నీ మూసుకుపోయిన తర్వాత చేసినదాన్ని త్యాగమని పొగిడితే, దారి చూపవలసినవారి బాధ్యత మరుగున పడుతుంది. రోగాన్ని ఆపడం అవసరమే. కూలివాణ్ణి ఇల్లు చేర్చడమూ అంతే అవసరం.

శ్రవణకుమారుణ్ణి చంపినది రాజు బాణం. రామాయణ కథ ఆ తప్పును దాచలేదు. దశరథుడు దాని ఫలితం అనుభవించాడు. ఆ రోజు తరగతిలో నేను కావడి సంగతి చెప్పి, బాణం సంగతి వదిలేశాను.