పిట్టగోడ ఎవరి కోసం?



గత వేసవిలో ఒక కొత్త ఇంటిని ఆశీర్వదించడానికి వెళ్లాను. కింది వాటాలో యజమాని కుటుంబం, పై వాటా అద్దెకు. పవిత్ర జలం చల్లుతూ పైకి వెళ్తే, సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ మీద చేయి ఆనించలేకపోయాను. ఆ వైపు పెద్ద అద్దాల కిటికీలు, సజ్జలు లేవు.

"సజ్జలు పెట్టించలేదేమి?" అన్నాను.

"చట్టం అడగలేదు గదా ఫాదర్! పైగా ఖర్చు" అన్నారాయన.

ఆ మాటను తేలికగా తీసివేయలేము. సొంత స్థలం, సొంత డబ్బు. గోడ ఎలా కట్టాలో ప్రభుత్వం చెప్పడమేమిటి? కాని సజ్జ మాని డబ్బు మిగుల్చుకున్నవాడు ఒకడు, ఏళ్ల తరబడి కరెంటు బిల్లు కట్టేవాడు మరొకడు. కట్టలేకపోతే ఉక్కలో నిద్ర లేకుండా దొర్లేవాడూ అతడే. ఇల్లు కట్టేనాడు అతడు అక్కడ లేడు. లేనివాని పక్షాన మాట్లాడటానికే చట్టం.

ఇది కొత్త సంగతేమీ కాదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం తీసి చూడండి. కొత్త ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టాలి, లేకపోతే అక్కడి నుండి పడినవాని రక్తదోషం ఇంటివానిదే. (సెమినరీలో ఈ వచనం దగ్గర మేమెవ్వరం ఆగినట్టు గుర్తు లేదు.) ఆ రోజుల్లో పడిపోవడం ప్రమాదం. నేడు వడదెబ్బ కూడా అంతే.

మన దేశంలో 2007లో పెద్ద వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నియమావళి వచ్చింది. నివాస గృహాలకు 2018లో 'ఎకో నివాస్ సంహిత' వచ్చింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఎండను తిప్పికొట్టే పైకప్పుల విధానాన్ని తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు అది తప్పనిసరి. ఇళ్లకైతే 600 చదరపు గజాలు, ఆపై స్థలమున్న వాటికే. అంతకు తక్కువైతే యజమాని ఇష్టం. ఆ ఇంటాయన స్థలం 200 గజాలు. ఆయన చెప్పింది నిజమే, చట్టం అడగలేదు.

చిన్నవారి మీద భారం పడకూడదని ఆ మినహాయింపు. అది న్యాయమే. అయితే ఎండకు ఎక్కువ మాడేదీ ఆ చిన్న ఇళ్లల్లోనే, రేకుల కిందనే.

మన విచారణలో సత్యోపదేశం గదులకు రేకులు వేయించింది నేనే. నా గదికి స్లాబు. చవక అని ఎంచుకున్నది నేను, ఏప్రిల్‌లో నోటు పుస్తకాలతో విసురుకునేది పిల్లలు. ఆ రోజు సజ్జల గురించి అడిగినప్పుడు ఈ సంగతి నాకు తట్టనే లేదు.

ఎండలు ముదరక ముందే ఆ రేకులకు తెల్ల సున్నం కొట్టించాలని సంఘ పెద్దలతో మాట్లాడాను. కింద సీలింగు వేయించడానికి ఇంకా డబ్బు చూడాలి.