నీటిని ఎరిగినవాడును, నీటిపై అధికారమును

ఒక వస్తువును ఎరిగియుండుట, దానిని గూర్చిన నిర్ణయమునందు మాటాడుటకు అర్హత యగునా? లేక ఆ యర్హత భూమిపట్టా వలననే కలుగునా? చెరువుల క్రింద వరి పండించుకొను నెల్లూరు తీరవాసులకు ఇది తీరికవేళ తర్కము గాదు.

యానాదులు ఈ తీరమున పులికాటు సరస్సు చుట్టును, చెరువుగట్ల వెంటను తరతరములుగా నివసించుచున్నారు. శ్రీహరికోట వారికి ప్రసిద్ధమైన నెలవు. 1969లో ఆ దీవిని రాకెట్ల ప్రయోగమునకు ఎన్నుకొన్న పిమ్మట పెక్కు కుటుంబములు దానిని విడువవలసి వచ్చెను. ఎలుకలు పట్టువారని మనము వారిని చులకన చేయుదుము. ఆ పనిలో నున్న విద్యను మాత్రము చూడము. కట్టలో ఎలుక త్రవ్విన బొరియయే చెరువు నిండిననాడు నీటికి దారి యగును. ఆ బొరియ ఎటు తిరిగినదో, రెండవ నోరు ఎచ్చట తెరచినదో మట్టిని చూచి పోల్చువాడు ఎలుకతోపాటు కట్టను గూడ ఎరిగినవాడు.

చదువురానివాని అనుభవము శాస్త్ర మగునా యని కొందరు అడుగుదురు. తీరపు టిసుకలో దొరువు త్రవ్వు సామాన్యుని చూడుడు. ఉప్పునీటిపై మంచినీరు తేలియుండుననియు, మిక్కిలి లోతు త్రవ్వినను, మితిమీరి తోడినను అడుగుననున్న ఉప్పు పైకి వచ్చుననియు అతడు ఎరుగును. ఐరోపాలో గైబెన్ పండితుడును, అటుపిమ్మట 1901లో హెర్జ్‌బర్గ్ పండితుడును ఈ సంగతినే లెక్కగట్టిరి. సముద్రమట్టమునకు పైని మంచినీరు 1 అడుగు నిలిచిన, మట్టమునకు క్రింద సుమారు 40 అడుగులు ఉండునట. లెక్కయు కావలెను, మితముగ తోడుకొను నడవడియు కావలెను.

ఇక ధర్మవిచారము. కట్ట తెగు ప్రమాదమునందు శ్రామికజనుల చాకిరిని 1858 నాటి మద్రాసు చట్టము నిర్బంధముగా కోరెను. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము రైతుల నీటిసంఘముల నేర్పరచి మేలు చేసినది గాని, ఓటును భూమిగలవారికే యిచ్చినది. తక్కిన నీటి వినియోగదారులు ఓటులేని సభ్యులు. ఆపదలో అందరి చేతులును కావలసివచ్చెను. తీర్మానమునకు కొందరి నోళ్లే చాలినవి.

పొలముగలవాడు నష్టపడును గనుక అధికారము అతనిదే యనుటలో నిజము లేకపోలేదు. కాని చెరువెండిన యానాదికి చేప పోవును. కట్ట తెగినచో దాని క్రిందనున్న గుడిసె ముందు పోవును. నష్టమే కొలబద్ద యైనచో అతనిని వెలుపల నిలుపుటకు హేతువేమి?

యానాది బిడ్డలు ఎలుకబొరియల కడనే ఉండిపోవలెనని మా యభిప్రాయము గాదు. వారి అభ్యున్నతికై పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారి కృషిని ఎరిగినవారెవ్వరును అట్లు కోరరు. బిడ్డ బడికి రావలెను, తండ్రి సభకు రావలెను. కూలి యిచ్చి పంపుట దయ యని తృప్తిపడుదుము. అతని మాట అడిగి వినుట న్యాయము. ఈశాన్య ఋతుపవనములకు ముందు చెరువును గూర్చి ఊరు కూడునపుడు, పట్టా లేనివానికి ఒక పీట వేయుటకు చట్టము మారువరకు వేచియుండ నక్కరలేదు.