నిద్ర పట్టని రాజు, నిద్ర పట్టని ఫౌండర్

పోయిన వారం వీడియోలో విదుర నీతి మొదలుపెట్టాం కదా, అందులో ఒక చోటు కాస్త హడావిడిగా దాటేశా. టైమ్ లేక కాదు, కెమెరా ముందు దాని గురించి మాట్లాడటానికి మొహమాటం వేసింది. ఇక్కడ రాస్తున్నా.

సందర్భం ఒకసారి గుర్తు చేసుకుందాం. ఉద్యోగ పర్వం. (ఉద్యోగం అంటే మన జాబ్ కాదు, ప్రయత్నం, యుద్ధానికి సన్నాహం. ఐటీలో ఉన్నవాళ్లకి ఈ పేరు వినగానే నవ్వొస్తుంది, నాకూ వచ్చింది.) సంజయుడు పాండవుల దగ్గర నుంచి రాత్రి హస్తినాపురం చేరాడు. ధృతరాష్ట్రుడిని నాలుగు మాటలు గట్టిగానే అని, ధర్మరాజు సందేశం రేపు సభలో చెప్తానని వెళ్లి పడుకున్నాడు. రాజుకి మాత్రం నిద్ర రాలేదు. విదురుడిని పిలిపించాడు. ఒళ్లు కాలిపోతోంది, నిద్ర పట్టడం లేదు, నాకు మేలు చేసే మాట ఏదైనా చెప్పు అన్నాడు.

విదురుడు వెంటనే ఓదార్చలేదు. నిద్ర ఎవరికి పట్టదో చెప్పాడు. బలవంతుడు మీదికొచ్చిన బలహీనుడికి పట్టదు. సొమ్ము పోగొట్టుకున్నవాడికి పట్టదు. కామంతో రగిలేవాడికి పట్టదు. దొంగకి పట్టదు. ఇవన్నీ చెప్పి, రాజా, వీటిలో ఏదీ నిన్ను అంటలేదు కదా, పరుల సొమ్ముకి ఆశపడి బాధపడటం లేదు కదా అని అడిగాడు.

నాకు ఇక్కడ గుండె జారింది. ఎందుకో చెప్తాను.

ఇప్పుడు స్టార్టప్ ఫౌండర్లకి ఎగ్జిక్యూటివ్ కోచ్ ఉండటం మామూలు విషయం. దీనికి పెద్ద పేరు తెచ్చినవాడు బిల్ క్యాంప్‌బెల్. కొలంబియా యూనివర్సిటీలో ఫుట్‌బాల్ టీమ్‌కి కోచ్‌గా చేసి, తర్వాత సిలికాన్ వ్యాలీకి వచ్చి స్టీవ్ జాబ్స్, ఎరిక్ ష్మిట్ లాంటి వాళ్లకి అండగా నిలిచాడు. కోచ్‌ని పెట్టుకోమని ఇన్వెస్టర్ జాన్ డోర్ చెప్పినప్పుడు తనకి మొదట నచ్చలేదని ష్మిట్టే తర్వాత చెప్పుకున్నాడు. ఇంకొకాయన జెర్రీ కొలోనా. ఒకప్పుడు ఇన్వెస్టరే, ఆ పని వదిలి ఫౌండర్లకి కోచ్ అయ్యాడు. 2019లో రీబూట్ అనే పుస్తకం రాశాడు. నీకు వద్దు అంటున్న ఈ పరిస్థితి రావడంలో నీ చెయ్యి ఎంత ఉంది అన్నది ఆయన అడిగే ప్రశ్న. విదురుడు అడిగినదానికి ఇది చాలా దగ్గర.

అయితే అందరూ ఆ ప్రశ్న అడగరు. ఆ ప్రశ్న కోసమే అందరూ వెళ్లరు కూడా. ఎక్కువమంది వెళ్లేది నిద్ర కోసం.

నేను కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఒక చిన్న స్టార్టప్‌లో పని చేశా. మా ఫౌండర్ మంచివాడు. వెటకారం కాదు, నిజంగానే. మా అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు నేను అడగకముందే లీవు ఇచ్చి, డబ్బులు కావాలా అని అడిగాడు. ఫండింగ్ అయిపోతున్న టైమ్‌లో మనిషి సగం అయ్యాడు. రాత్రి మూడింటికి కూడా మెసేజ్‌లు పెట్టేవాడు. అప్పుడే కోచ్‌ని పెట్టుకున్నాడు. రెండు నెలల్లో మారిపోయాడు. పొద్దున్నే ప్రాణాయామం, మీటింగ్ ముందు రెండు నిమిషాల మౌనం, మాటల్లో భగవద్గీత. మాకందరికీ హాయిగా అనిపించింది.

అదే రెండు నెలల్లో నెలవారీ ఆర్డర్ల గ్రాఫ్ మార్చమన్నాడు. క్యాన్సిల్ అయిన ఆర్డర్లని కూడా కలిపి లెక్కెయ్యాలి. క్వెరీలో ఒక్క షరతు తీసేస్తే చాలు, పది నిమిషాల పని కూడా కాదు. గ్రాఫ్ పైన ఆర్డర్లు అనే ఉంటుంది, కాబట్టి అబద్ధం అనడానికీ లేదు. పెట్టినవి ఆర్డర్లే కదా. చాలామంది ఇలాగే లెక్కేస్తారని కూడా అన్నాడు. నేను తీసేశా. గీత పైకి లేచింది. అది ఇన్వెస్టర్ల స్లైడ్లలోకి వెళ్లింది.

ఆ తర్వాత ఎవరో రౌండ్ వస్తుందా రాదా అని అడిగితే, ఫలితం మన చేతిలో లేదు, పని మాత్రమే మనది అన్నాడు ప్రశాంతంగా. ఫలితం చేతిలో లేదంటూనే దాన్ని చేత్తో పైకి లాగాం. నవ్వుతూ తలూపిన వాళ్లలో నేనూ ఉన్నా.

కోచ్ వల్లే ఇలా జరిగిందని నేను అనడం లేదు. గ్రాఫ్ సంగతి ఆ కోచ్‌కి తెలిసి ఉండకపోవచ్చు. నా బాధ వేరే. మనిషికి నిద్ర పట్టకపోతే దానికి కారణం రెండు రకాలు. ఒకటి భారం. పదిమంది జీతాలు మోస్తున్నవాడికి, తనకన్నా వందరెట్లు డబ్బున్న కంపెనీ ఎదురు నిలబడినవాడికి అది ఉంటుంది. విదురుడి లిస్టులో మొదటి ఇద్దరూ వీళ్లే, వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకి ఊపిరి నేర్పు, ధ్యానం నేర్పు, పక్కన కూర్చో, అది పుణ్యం. రెండోది దొంగకి పట్టని నిద్ర. దానికీ అదే మందు వేస్తే ఏమవుతుంది? మందు పని చేస్తుంది. అదే భయం. ప్రాణాయామం నీ క్వెరీ చూడదు కదా. గుండె దడ ఏ కారణంతో వచ్చినా తగ్గిస్తుంది.

ఫౌండర్ మీద రాసి తప్పించుకోవడం తేలికే. ఆ రోజుల్లో నాకూ నిద్ర పట్టేది కాదు. నేనేం చేశానంటే, మన ఛానెల్‌లోనే ఉన్న విష్ణు సహస్రనామం వీడియో పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకునేవాణ్ణి. యాభై నామాలు దాటకుండానే నిద్రపోయేవాణ్ణి. కింద మీరు రాసే కామెంట్లలో ఎక్కువ వచ్చేది ఇదే, మనసు ప్రశాంతంగా ఉంది అని. చదివినప్పుడు సంతోషమే. కానీ నాకు దొరికిన ప్రశాంతత ఎలాంటిదో నాకు తెలుసు.

మళ్లీ విదురుడి దగ్గరికి వద్దాం. ఆ రాత్రి ఎనిమిది అధ్యాయాల పాటు చెప్పాడు. పాండవుల రాజ్యం పాండవులకి ఇచ్చెయ్ అనేది అందులో సారం. ధృతరాష్ట్రుడు కాదనలేదు. నువ్వు చెప్పింది నిజమే, నా బుద్ధి కూడా అటే పోతుంది, కానీ దుర్యోధనుడిని చూడగానే మళ్లీ తిరిగిపోతుంది అన్నాడు. తన లోపం ఏంటో తనకి పూర్తిగా తెలిసిన మనిషి. ఇవాళ ఏ కోచ్ అయినా ఇంత సెల్ఫ్ అవేర్‌నెస్ చూసి మెచ్చుకుంటాడు. రాజ్యం మాత్రం ఇవ్వలేదు.

విదురుడు ఈ మాట చెప్పడం మొదటిసారి కాదు. పాండవులు అడవికి వెళ్లినప్పుడు కూడా ఇదే చెప్పాడు. అప్పుడు రాజుకి కోపం వచ్చి, నీ ఇష్టం వచ్చిన చోటికి పో అన్నాడు. విదురుడు కామ్యక వనానికి, పాండవుల దగ్గరికి వెళ్లిపోయాడు. తర్వాత రాజే ఉండలేక సంజయుడిని పంపి వెనక్కి రప్పించాడు. వచ్చాక విదురుడు మాట మార్చలేదు. ఫీజు ఆగిపోతుందనే భయం ఉన్న కోచ్, లేదా ఇన్వెస్టరే ఫీజు కడుతున్న కోచ్, ఇక్కడ ఏం చేస్తాడా అని ఆలోచిస్తూ ఉంటా. కొందరు చెప్తారేమో. చెప్పాలి.

అర్జునుడికి కృష్ణుడే మొదటి కోచ్ అని రీల్స్‌లో తెగ తిరుగుతోంది, మీరూ చూసే ఉంటారు. కృష్ణుడు 18వ అధ్యాయం చివర్లో, చెప్పాల్సింది చెప్పాను, బాగా ఆలోచించి నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అంటాడు. అర్జునుడు లేచి గాండీవం పట్టుకున్నాడు. ధృతరాష్ట్రుడికీ ఆ ఇష్టం ఇచ్చారు. ఆయన తెల్లారాక సభకి వెళ్లాడు.

నేను మా ఫౌండర్‌ని ఒకే ఒక్కసారి అడిగా. మధ్యాహ్నం భోజనాల దగ్గర, వేరే ఎవరూ లేనప్పుడు.

"అన్నా, ఆ క్యాన్సిల్ ఆర్డర్లు లెక్కలోంచి తీసేద్దామా?"

ఆయన కాసేపు పెరుగన్నం కలుపుతూ ఉండిపోయాడు. "రౌండ్ అయిపోనీరా, సరిచేద్దాం" అన్నాడు. సరే అన్నా. రెండోసారి అడగలేదు. ఐదు నెలలకి వేరే జాబ్ వచ్చి వచ్చేశా. ఆ షరతు మళ్లీ పెట్టారో లేదో నాకు తెలీదు, ఫోన్ చేసి అడగొచ్చు, నంబర్ ఉంది.

ఇప్పుడు సహస్రనామం పడుకుని వినడం మానేశా. కూర్చుని చదువుతున్నా, కొంచెం ఆలస్యంగా నిద్ర పడుతోంది. వచ్చే వీడియోలో సంజయుడు పొద్దున్నే సభలో ఏం చెప్పాడో చూద్దాం.