మేకుకు వేలాడిన రెండు కడ్డీలు

1970ల నాటి మాట. దక్షిణ కాలిఫోర్నియాలో ఒక కుర్రాడికి 1932 ఫోర్డు కారు బాడీ ఒకటి చేతికొచ్చింది. దాన్ని హాట్ రాడ్ చెయ్యాలని పూనుకున్నాడు. పాత కారులో బరువంతా ఊడబెరికి, బలమైన ఇంజను దించి, ఎవరికి వారు సొంత షెడ్డులో కట్టుకునే బండిని అక్కడ హాట్ రాడ్ అంటారు. ముందు షెవ్రొలె వి-8 ఇంజను కూర్చుంది. ఇక వెనక ఇరుసు మిగిలింది. ఫోర్డులో వచ్చింది ఒకే గట్టి దూలం. ఒక చక్రం గుంటలో పడితే రెండోది కూడా ఒరుగుతుంది. కుర్రాడికి ఏ చక్రానికి ఆ చక్రం లేచి దిగే ఇండిపెండెంట్ యాక్సిల్ కావాలి. అది వేరే కారు నుంచే తెచ్చుకోవాలి.

తుక్కు యార్డుకు వెళ్లాడు. అక్కడ 1963 తర్వాతి కార్వెట్‌ది ఒకటి ఉంది. దానికి అడ్డంగా ఒకే ఆకు స్ప్రింగు. కానీ జాగ్వార్‌ది చూశాక వాడి కళ్లు ఇంక అటు తిరగలేదు. 1961లో ఇ-టైప్‌తో వచ్చిన పనితనం అది. పక్కకు రెండేసి చొప్పున నాలుగు కాయిల్ స్ప్రింగులు, చక్రాల దగ్గర కాకుండా డిఫరెన్షియల్‌కు ఆనుకుని బ్రేకు డిస్కులు. వెనక నుంచి చూస్తే నగిషీ పనిలా ఉంటుంది.

“నీ బండికి ఎంత వెడల్పు పడుతుంది బాబూ?” అని అడిగాడు యార్డు ముసలాయన.

“కొలవలేదు తాతా.”

“కొలుచుకుని రా. చక్రానికీ చక్రానికీ మధ్య ఇ-టైప్‌ది 50 అంగుళాలు, ఎస్-టైప్‌ది దాదాపు 54, ఎక్స్‌జే6ది 58 దాటుతుంది. పైకి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.”

కుర్రాడు వెళ్లి, వెడల్పు టైర్లు పెట్టి, మడ్‌గార్డుల లోపలి నుంచి కొలిచి వచ్చాడు. 54 సరిపోయింది. ముసలాయన ఎస్-టైప్ కింద దూరి, ఇరుసును దాని ఇనప చట్రంతో, రబ్బరు మౌంటింగులతో సహా దించాడు. లోయర్ ఆర్మ్‌ల నుంచి ముందుకు సాగి బాడీకి బిగించి ఉన్న రెండు కడ్డీలు కూడా విప్పి పక్కన పెట్టాడు. వాటిని రేడియస్ ఆర్మ్‌లంటారు.

“ఇవి వద్దు తాతా. నా ఛాసిస్‌లో వీటిని తగిలించే చోటే లేదు. చూడ్డానికీ బాగోవు.”

ముసలాయన వాదించలేదు. అవి బాడీకి ఎంత ముందు, ఎంత ఎత్తులో బిగించి ఉన్నాయో కొలిచి, సుద్దముక్కతో వాటి మీదే రాసి, గోడ మేకుకు తగిలించాడు.

బండి రోడ్డెక్కింది. కొన్నాళ్లు అంతా బాగానే ఉంది. తర్వాత యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా వెనక ఏదో మెలితిరిగినట్టు, బ్రేకు వేస్తే బండి పక్కకు లాగినట్టు అనిపించసాగింది. ఒకరోజు లోపలి డిస్కుల దగ్గర ఆయిలు కారుతోందని బండి కింద దూరాడు. రబ్బరు మౌంటింగులు చిరిగిపోయి ఉన్నాయి. చట్రం చేత్తో తోస్తేనే కదులుతోంది.

కారణం ఆ ఇరుసు తీరులోనే ఉంది. అందులో చక్రాన్ని తిప్పే షాఫ్టే పై ఆర్మ్ పని కూడా చేస్తుంది. కింద ఒక్క లోయర్ ఆర్మ్. టైరు బండిని ముందుకు తోసే బలం, బ్రేకు పడ్డప్పుడు వెనక్కి లాగే బలం మొయ్యడానికి పెట్టినవే ఆ రెండు కడ్డీలు. అవి లేకపోయేసరికి ఆ బరువంతా మెత్తటి రబ్బరు మీద పడింది.

కుర్రాడు తల వంచుకుని యార్డుకు వచ్చాడు. కడ్డీలు మేకుకే ఉన్నాయి.

“అమ్మలేదా తాతా?”

“నీ దగ్గరున్న ఇరుసుకు తప్ప ఇవి ఇంకెవరికి పనికొస్తాయి?”

సుద్దతో రాసిన కొలతల ప్రకారం ఛాసిస్‌కు అడ్డంగా కొత్త మెంబరు వెల్డింగు చేసి, కొత్త రబ్బర్లు వేసి, కడ్డీలు బిగించాడు. బండి నిలకడగా నడిచింది.

నీతి: పరాయి ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చుకునేటప్పుడు, అది అక్కడ దేన్ని ఆనుకుని బతికిందో దాన్ని కూడా తెచ్చుకోవాలి.

ఈ కుర్రాణ్ని తెలివితక్కువవాడని నేను అనను. చెబితే కొలుచుకుని వచ్చాడు. ఎందుకుందో తెలియనిదాన్ని అక్కర్లేనిదనుకోవడం ఒక్కటే వాడి పొరపాటు. చేతిపని చేసేవాళ్లందరం ఎప్పుడో ఒకప్పుడు చేసేదే అది. రబ్బరంతా తీసేసి డిఫరెన్షియల్‌ను నేరుగా ఛాసిస్‌కే బిగించేవాళ్లూ ఉన్నారు. అది తప్పేమీ కాదు. అయితే అప్పుడు కడ్డీల ముందు చివరలు లోయర్ ఆర్మ్ లోపలి కీలు గీత మీదికే రావాలి, లేకపోతే చక్రం లేచిన ప్రతిసారీ కడ్డీ, ఆర్మ్ ఒకదాన్నొకటి లాక్కుంటాయి.

జాగ్వార్ ఇరుసు కోసం యార్డుకు వెళ్లేవారికి నా మనవి ఒక్కటే. టేపూ సుద్దముక్కా వెంట తీసుకెళ్లండి. రేడియస్ ఆర్మ్‌లు విప్పకముందే వాటి కొలతలు రాసుకోండి.